రహస్యం, త్రూ ప్రాపర్ ఛానల్

సచివాలయం నుంచి వచ్చిన ఫోనులో అవతలి అధికారి అన్నది ‘పీర్ టు పీర్’ అని. ఇవతల సూపరింటెండెంటు గుప్తేశ్వరరావు చెవిన పడింది ‘పేరు టు పేరు’ అని. ఆ చెవిని తప్పుపట్టి లాభం లేదు. ఇరవైతొమ్మిదేళ్ళ సర్వీసులో అది విన్నవన్నీ పేర్లే. ఆలస్యంగా వచ్చినవాళ్ళ పేర్లు, ముందుగా జారుకున్నవాళ్ళ పేర్లు, అసలు రానివాళ్ళ పేర్లు.

గంట తిరక్కుండా సర్క్యులర్ తయారైంది. “మండలి కార్యాలయమునందు పేరు టు పేరు గోప్యతా సాఫ్ట్‌వేర్ ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టబడుచున్నందున, సిబ్బంది యావన్మందియు తమ పేరు, తండ్రి పేరు, ఇంట పిలుచు ముద్దుపేరు, ఇతరులు చాటున పిలుచు పేరు ఏదేని యున్నచో అదియును, సాయంకాలము నాలుగు గంటలలోగా సమర్పించవలెను.”

దీన్ని టైపు చేసింది డేటా ఎంట్రీ ఆపరేటర్ సామ్రాజ్యం. పేరుకే సామ్రాజ్యం. ఆవిడ ఏలుబడిలో ఉన్నవి ఒక కీబోర్డు, ఒక విరిగిన కుర్చీ, ఏటా మార్చిలో పొడిగిస్తారో లేదో తెలియని ఒక కాంట్రాక్టు.

అది రాష్ట్ర గోప్యతా పరిరక్షణ మండలి కార్యాలయం. బెజవాడలో ఒక మిఠాయి దుకాణం మీద మూడో అంతస్తు. పౌరుల ఆంతరంగిక విషయాలు బయటికి పొక్కకుండా కాపాడటం దాని పని. పదకొండుమంది అధికారులు, నలుగురు ఆడ ఉద్యోగులు, ‘స్త్రీలు’ అని బోర్డున్న ఒక మరుగుదొడ్డి. దానికి తాళం వేసి రెండేళ్ళయింది. లోపల గోప్యతా వారోత్సవాల బ్యానర్లు భద్రంగా ఉన్నాయి. మగవాళ్ళ దొడ్డికి తలుపు ఉండేది. దాన్ని ఊడదీసి సంచాలకుల గదికి పెట్టారు. కాబట్టి అటు వెళ్ళడం కుదరదు.

నలుగురు ఆడవాళ్ళకీ ఎదురుగా ఉన్న పళ్ళ ఆసుపత్రే గతి. బుగ్గ మీద చెయ్యేసుకుని, “అబ్బా” అంటూ మెట్లెక్కి, రోగుల వరసలో కాసేపు కూర్చుని, లోపలికెళ్ళి వచ్చేవాళ్ళు. సామ్రాజ్యానికి ముప్ఫైరెండు పళ్ళూ రాయిలా ఉన్నాయి. అయినా రెండేళ్ళుగా రోజుకు రెండుసార్లు పంటినొప్పి.

ఆవిడ అర్జీ పెట్టకపోలేదు. పేరు రాసి పెట్టింది. “అర్జీదారు తన పేరును వెల్లడించుకొనుట గోప్యతా సూత్రములకు విరుద్ధము. తిరస్కరించడమైనది” అని తిరిగొచ్చింది. పేరు లేకుండా పెట్టింది. “ఆకాశరామన్న అర్జీలు పరిశీలనార్హములు కావు” అని అదీ తిరిగొచ్చింది. రెండిటినీ తిప్పికొట్టిన కాగితాలు ఆవిడే టైపు చేసింది, తప్పుల్లేకుండా.

*

సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చినవాడి పేరు దైవసహాయం. చీరాల మనిషి, నలభైకి దగ్గరపడ్డాడు. జీతం ఆశించకుండా ఊరూరూ తిరిగి ఇలాంటి సాఫ్ట్‌వేర్లు పెట్టి, పరీక్షించి, చెడితే బాగుచేసే బృందంలో ఒకడు. ఆ ఆఫీసుకు అంతవరకు ఏ సాంకేతిక సహాయమూ అందలేదు. అందిన మొదటిదే దైవసహాయం.

“పేరు కాదండీ, పీర్,” అని అతను ముందుగా చెవి సంగతి సర్దాడు. “అంటే సమానులు. ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరి కంప్యూటర్‌కి కబురు నేరుగా పోద్ది. ఎవరు పంపారో ఎవరికీ తెలవదు. దీని పేరు ‘మరుగు’.”

గుప్తేశ్వరరావు తీసుకున్న ముద్దుపేర్ల జాబితా చింపి బుట్టలో వేశాడు. ఆ గొడవ అక్కడితో తీరింది. అసలు గొడవ మొదలైంది.

“నేరుగా అనగా? మధ్యలో ఎవరూ ఉండరా?”

“ఉండరండి.”

“మరి నేనెందుకయ్యా ఉన్నది?”

ఈ ప్రశ్న ఆఫీసులో చాలామందికి చాలా ఏళ్ళుగా ఉంది. గుప్తేశ్వరరావు నోట రావడం మాత్రం అదే మొదలు.

“దీనికి హెడ్ ఎవరు?”

“హెడ్ ఉండదండి. అందరూ ఒకటే.”

“హెడ్ లేకపోతే దాన్ని మొండెం అంటారు, సాఫ్ట్‌వేర్ అనరు. సరే, లోపల ఏముంటుంది?”

“ఓపెన్ సోర్సండి. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు.”

“రహస్యాలు దాచే పెట్టెను అందరూ తెరిచి చూడవచ్చునా!” గుప్తేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడిచాడు. “సామ్రాజ్యంగారూ, ఫైలు తెరవండి. సారు దగ్గర పెట్టాలి.”

సారు అంటే సంచాలకులు పరబ్రహ్మం. పేరుకు తగ్గట్టే ఆయన అంతటా ఉంటారని వినికిడి; కుర్చీలో కనపడిన సాక్ష్యాలు తక్కువ. ఆ రోజు అదృష్టవశాత్తూ కనిపించారు. ఫైలు చదివి, కనుబొమలు ముడిచి, ప్రపంచంలో ఎవరికీ తట్టని పరిష్కారం చెప్పారు.

“సమానత్వం రాజ్యాంగబద్ధమే. కాదనను. కానీ సమానులలోనూ సీనియర్ సమానులు, జూనియర్ సమానులు ఉండాలి కదా. జూనియర్ సమానుడు సీనియర్ సమానునికి రహస్యం పంపదలచినచో, సూపరింటెండెంటు ద్వారా పంపవలెను. ఇక పేరు సంగతి. పేరు తెలియకూడదు, ఒప్పుకున్నాను. కనుక ప్రతి రహస్యంలోనూ పంపినవారి పేరును లోపల సీలు చేసి ఉంచండి. ప్రజాప్రయోజనం దృష్ట్యా అవసరమైతే నేను తెరుస్తాను.”

“సార్, పేరు లోపలుంటే ఇంక రహస్యం ఏముందండీ?” అన్నాడు దైవసహాయం.

“రహస్యం ఉంటుందయ్యా. మాకు తెలిసి ఉంటుంది, అంతే.”

దైవసహాయం తలగోక్కున్నాడు. ఎవరైనా మార్చుకోవచ్చని చెప్పింది తనే. మార్చాడు. ఏ అధికారి పాస్‌వర్డుతో లోపలికెళ్తే ఆ అధికారి పేరు సీలులో పడేలా కట్టాడు.

*

పరీక్షలు సోమవారం మొదలయ్యాయి. ‘మరుగు’కు ఒక నియమం ఉంది. ఇద్దరు జతకలవాలంటే, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని, తెర మీద వచ్చిన ఆరు మాటలు ఒకరికొకరు చదివి వినిపించుకుని, ఒక్క నిమిషంలో ఇద్దరూ ‘సరే’ నొక్కాలి. అవతల ఉన్నది నిజంగా మనిషేనా, వేషమా అని తేల్చుకోవడానికి అదే ఉపాయం.

సోమవారం పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఒక్క జతా కలవలేదు. ప్రతి తెర మీదా ఒకటే మాట: “అవతల ఎవరూ లేరు.”

దైవసహాయం తీగలు పీకి మళ్ళీ గుచ్చాడు. గడియారాలు సరిచూశాడు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ పెట్టాడు. మంగళవారమూ అవతల ఎవరూ లేరు. “ఎక్కడో బగ్గుందండి” అని నోరుజారాడు. గుప్తేశ్వరరావు వెంటనే ఆరోగ్యశాఖకు లేఖ పంపాడు. మధ్యాహ్నం ఒకాయన పురుగులమందు పొగగొట్టంతో వచ్చి మూడో అంతస్తంతా తెల్లగా చేసి, “ఇంక ఒక్కటి కూడా మిగల్దండీ” అని అభయమిచ్చి వెళ్ళాడు.

ఆ పొగ విడిపోతుంటే దైవసహాయానికి అసలు బగ్గు కనిపించింది. అది ఆకుపచ్చ నేతచీర కట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, తపాలా విభాగం నుంచి సంచాలకుల గదివైపు పరిగెడుతోంది.

“అక్కా, ఆగండాగండి! ఎందుకా పరుగు?”

“నిమిషంలో అక్కడ కూడా ‘సరే’ నొక్కాలి కదయ్యా!” సామ్రాజ్యం వగరుస్తూ అంది.

“అక్కడ సారు నొక్కాలండీ!”

“సారు నొక్కటమా?” సామ్రాజ్యం అతని వంక జాలిగా చూసింది. “ఈ ఆఫీసులో ఆఫీసర్లు కీబోర్డు ముట్టుకుంటారా? ముట్టుకుంటే హోదా తగ్గిపోదూ? ఎవరికి మెయిలొచ్చినా నేను తెరవాల, నేను చదవాల, నేనే బదులు కొట్టాల. పదకొండుమంది పాస్‌వర్డులూ ఇదిగో, ఈ పొడుగు పుస్తకంలో. ఒక్కోసారి ఒక సారు ఇంకో సారును మెయిల్లో తిడతారు. రెండువైపులా టైపు చేసేది నేనే. పొద్దున తిట్టి మధ్యాహ్నం నొచ్చుకుంటా.”

దైవసహాయం అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. పదకొండుమంది సమానుల జాలం. పదకొండుమందీ ఒక్కరే. సాఫ్ట్‌వేర్ రెండు రోజులుగా నిజమే చెబుతోంది, అవతల ఎవరూ లేరని!

“ఇది రిపోర్టులో రాయాలక్కా.”

“రాయబాకయ్యా, నీకు దణ్ణం పెడతా!” ఆవిడ గొంతు తగ్గించింది. “మా మండలి మొదటి నిబంధన చూశావా? పాస్‌వర్డు ఇచ్చినోళ్ళకీ పుచ్చుకున్నోళ్ళకీ ఇద్దరికీ ఉద్వాసన. ఇచ్చినోళ్ళు పర్మినెంటు, ఎట్టాగో బతుకుతారు. పుచ్చుకున్నదాన్ని నేను కాంట్రాక్టు. మార్చి నెల.”

దైవసహాయం ఒక నిమిషం గడువును పది నిమిషాలు చేశాడు. కారణం అన్న చోట ‘కార్యాలయ ప్రాంగణ వైశాల్యం దృష్ట్యా’ అని రాశాడు. రెండ్రోజుల్లో అతనికి ఆ ఆఫీసు భాష పట్టుబడింది. బుధవారం అన్ని జతలూ కలిశాయి. సామ్రాజ్యం కాళ్ళు రాత్రికి వాచాయి.

*

గురువారం తుది పరీక్ష. పదకొండుమంది అధికారులూ తలా ఒక నిజమైన ఫిర్యాదును పేరు లేకుండా అందరికీ పంపాలని సంచాలకుల ఉత్తర్వు. నిజమైనదైతేనే పరీక్ష నిజమవుతుందట. పదకొండుమందీ ఉత్తర్వు చదివారు. పదకొండుమందీ వరసగా సామ్రాజ్యం బల్ల దగ్గరికొచ్చి, “నా దాంట్లో కూడా ఏదో ఒకటి కొట్టెయ్యండమ్మా” అని టిఫినుకు దిగారు.

ఆ పొద్దుటే ఇంకొకటి జరిగింది. పళ్ళ ఆసుపత్రి గుమ్మంలో కొత్త డాక్టరు నిలబడి, “రెండేళ్ళుగా నొప్పంటున్నారు, ఇవాళ పీకేద్దాం రండమ్మా” అన్నాడు. సామ్రాజ్యం వచ్చినదారినే వెనక్కి తిరిగింది.

రహస్యాలు కిందినుంచి పైకి పోవాలి గనక తపాలా విభాగం కంప్యూటర్‌తో మొదలుపెట్టింది. పంకా తిరగడం లేదు. కుర్చీ కిర్రుమంటోంది. టీలో పంచదార ఎక్కువ. అలా ఒక్కో కుర్చీకీ ఒక్కో కష్టం కనిపెట్టి పది ఫిర్యాదులు పూర్తిచేసింది. పదకొండోది సంచాలకుల గది. ఆయన లేరు. ఆయన ఏసీ మాత్రం పదహారు మీద హోరుమంటోంది. పొద్దుట్నుంచి బిగబట్టుకున్న మనిషి ఆ చలిలో మెత్తటి కుర్చీలో కూర్చుంది. ఇక ఫిర్యాదు కనిపెట్టాల్సిన పని లేకపోయింది. వేళ్ళే కొట్టేశాయి.

“ఊరందరి గుట్టూ కాపాడే ఈ ఆఫీసులో నలుగురు ఆడవాళ్ళకి తలుపేసుకునే చోటు లేదు. ఉన్నచోట బ్యానర్లు కూర్చున్నాయి. బ్యానర్లకి వచ్చే అవసరం ఏమిటో చెప్పండి. తాళంచెవి సంచాలకులవారి సొరుగులో ఉంది. ‘మరుగు’ పెట్టారు, సంతోషం. మరుగుదొడ్డి ఎప్పుడు తెరుస్తారు?”

నొక్కింది. పదకొండు తెరలమీదా పడింది. టిఫినులు ముగించి వచ్చిన పదకొండుమంది, నోరు తుడుచుకుంటూ చదివారు.

సాఫ్ట్‌వేర్ అద్భుతంగా పనిచేసిందని ఆ ఆఫీసులో ఒక్కరూ అనలేదు. ఎవరు రాశారన్నదే ప్రశ్న. పావుగంటలో ‘అజ్ఞాత వ్యక్తి గుర్తింపు కమిటీ’ ఏర్పడింది. ఛైర్మన్ గుప్తేశ్వరరావు. పిలిచింది నలుగురు ఆడవాళ్ళనే.

“చేతిరాత పోల్చవలసియున్నది. ఒక్కొక్కరు ‘మరుగుదొడ్డి’ అని పదిసార్లు రాయండి.”

“అది టైపు చేసిందండి,” అంది క్లర్కు బీబీజాన్.

“అయితే టైపు చేసినట్టే రాయండి.”

నలుగురూ రాశారు. కమిటీ భూతద్దం పెట్టి చూసి, నాలుగు కాగితాల్లోనూ ఆవేదన సమానంగా ఉందని తేల్చింది. తరవాత పంటినొప్పి నిరూపించే సర్టిఫికెట్లు తెమ్మంది. పన్ను నిజంగా పాడైనవారు నిర్దోషులు, గట్టిగా ఉన్నవారు అనుమానితులు. సామ్రాజ్యం జన్మలో మొదటిసారి తన పళ్ళను తిట్టుకుంది. నాలిక చివరతో తడుముతూ ఒక్కటైనా కదులుతుందేమోనని చూసింది. ఒక్కటీ కదల్లేదు.

నాలుగు గంటలకు సంచాలకులు అందర్నీ హాల్లో సమావేశపరిచారు. “గోప్యత పవిత్రమైనది,” అన్నారు గంభీరంగా. “ఆ పవిత్రతను దుర్వినియోగం చేసి తమ పేరు దాచుకున్నవారెవరో అందరి ఎదుటా తెలియవలసియున్నది. దైవసహాయం, సీలు తెరువు.”

సామ్రాజ్యానికి సీలులో ఎవరి పేరుందో తెలుసు. ఆ పేరు బయటపడగానే ఆయన “నా పాస్‌వర్డు సామ్రాజ్యం దగ్గరుంది” అంటారు. పొడుగు పుస్తకం బయటికొస్తుంది. మార్చి దాకా కూడా ఆగరు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చూసినవాళ్ళు పంటినొప్పి అనుకున్నారు.

“ఇప్పటికైనా ఆలోచించుకోండి సార్,” అన్నాడు దైవసహాయం. “మూసుంటేనే మంచిదండి.”

“ప్రజాప్రయోజనం! తెరువు!”

తెరిచాడు. హాలు గోడమీది పెద్ద తెరమీద అక్షరాలు పడ్డాయి. “పంపినవారు: ఎస్. పరబ్రహ్మం, సంచాలకులు.”

కింద మిఠాయి దుకాణంలో బూందీ దూస్తున్న చప్పుడు మూడో అంతస్తుకు వినిపించింది.

“ఇది... ఇది బగ్గు!” అన్నారు సంచాలకులు.

“మొన్న పొగ పెట్టించాం సార్,” అన్నాడు గుప్తేశ్వరరావు.

దైవసహాయం గొంతు సవరించుకున్నాడు. “అందరికీ అర్థమయ్యేటట్టు చెప్తానండి. సీలులో పడేది లోపలికెళ్ళిన పాస్‌వర్డు ఎవరిదో వాళ్ళ పేరు. మీరు చెప్పినట్టే కట్టాం. సారు పేరు వచ్చిందంటే రెండే దార్లు. ఒకటి, సారే రాశారు. రెండోది, సారు పాస్‌వర్డు ఇంకెవరి దగ్గరో ఉంది. రెండోదైతే మొదటి నిబంధన ఉందిగా, ఇచ్చినవారికి కూడా ఉద్వాసన. కావాలంటే మిగతా పదిమందివి కూడా తెరిచి, ఎవరు స్వయంగా నొక్కారో ఇప్పుడే పరీక్ష పెడదాం. తలా ఒక కీబోర్డు తెప్పించమంటారా?”

మిగతా పదిమందీ నేలమీది గచ్చు పరిశీలించసాగారు. ఒకాయన కీబోర్డు మాట వినగానే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. సంచాలకులు సామ్రాజ్యం వైపు చూశారు. ఆవిడ పైట చెంగు దించి, తిన్నగా ఆయన కళ్ళలోకి చూసింది.

“అవును,” అన్నారాయన. “నేనే రాశాను.”

“సార్!”

“పరీక్ష నిమిత్తం. మన మహిళా సిబ్బంది పడుతున్న వేదన... రెండేళ్ళుగా నా గుండెను... మీలో ఒక్కరైనా గుర్తిస్తారేమోనని చూశాను. గుర్తించలేదు. నాకు చాలా బాధగా ఉంది.”

ఆయనకు నిజంగానే బాధగా ఉంది. గుప్తేశ్వరరావు కళ్ళొత్తుకుని మినిట్స్ పుస్తకం తెరిచాడు. “సంచాలకులవారు సంచాలకులవారికి, సూపరింటెండెంటు ద్వారా సమర్పించుకున్న ఫిర్యాదును సంచాలకులవారు సానుభూతితో పరిశీలించి, సంచాలకులవారి సొరుగునుండి తాళంచెవి ఇప్పించడమైనది” అని చెబుతుంటే, సామ్రాజ్యం ఎక్కడా తప్పు పోకుండా టైపు చేసింది. అయిదు గంటలకల్లా తాళం ఊడింది. బ్యానర్లు బయటికొచ్చి వరండాలో పడుకున్నాయి.

*

శుక్రవారం పొద్దున నలుగురు ఆడవాళ్ళూ వెళ్ళేసరికి, తెరిచిన తలుపుకు మేకు కొట్టి, ట్వైన్ దారంతో ఒక కొత్త రిజిస్టరు వేలాడుతోంది. వరస సంఖ్య, పేరు, హోదా, ప్రవేశించిన సమయం, నిష్క్రమించిన సమయం, ప్రయోజనం, సంతకం. పక్కనే గుప్తేశ్వరరావు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“ఇదేందండీ?” అంది బీబీజాన్.

“భయపడకండమ్మా. గోప్యతకు ఏ లోటూ లేదు. ఈ రిజిస్టరు నేనొక్కడినే చూస్తాను.”

బీబీజాన్ సామ్రాజ్యం వైపు చూసింది. సామ్రాజ్యం పెన్ను అందుకుంది. ఒకటో నంబరు కింద గుండ్రంగా, టైపు చేసినట్టే రాసింది. పేరు: ఎస్. పరబ్రహ్మం. హోదా: సంచాలకులు. ప్రయోజనం: పరీక్ష నిమిత్తం. తలెత్తుకుని లోపలికెళ్ళి, ధడాలున తలుపేసుకుని, గడియ పెట్టుకుంది.

వెనకున్న ముగ్గురూ ఆ వరస కింద ‘సదరు’, ‘సదరు’, ‘సదరు’ అని రాసుకుంటూ వచ్చారు.

సాయంత్రానికి సంచాలకులవారు స్త్రీల మరుగుదొడ్డికి పదమూడుసార్లు వెళ్ళివచ్చినట్టు రికార్డయింది. గుప్తేశ్వరరావు ఆ పేజీ అంతా పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాడు. పేరు ఉంది, హోదా ఉంది, సమయం ఉంది. లోపం ఎక్కడా లేదు. అడుగున ‘సరిచూడడమైనది’ అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, సంచాలకులవారి ఆమోదానికి పంపాడు.